గోడకు ముందు నాలుగు అడుగులు

పొట్టేలు ఢీకొట్టబోయే ముందు వెనక్కి నడుస్తుంది. పంటకాలువ దూకబోయే కుర్రవాడు కూడా గట్టు మీద నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్క క్షణం నిలబడి, అప్పుడు పరుగు అందుకుంటాడు. వెనక్కి వెళ్ళేది వేగం కోసమని ఇద్దరికీ తెలుసు. కాని ఎంత వెనక్కి వెళ్ళాలి, చివరి అడుగు నీటి అంచుకు ఎంత దూరంలో పడాలి, ఆ పడేది కుడికాలా ఎడమకాలా అని అడిగి చూడండి. పొట్టేలు సంగతి సరే, కుర్రవాడు కూడా జవాబు చెప్పలేడు. "దూకేస్తానండీ, అంతే" అంటాడు. ఆ దూకులో చాలా భాగం నేల మీదనే, కాలు గాలిలోకి లేవక ముందే నిర్ణయమైపోతుందని అతనికి తెలియదు. ఆ నేల మీది పని గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

ఈ పనిని ఒక విద్యగా సాధన చేసేవాళ్ళు ఉన్నారు. ఆ విద్య పేరు పార్కూర్. ఒక చోటి నుంచి మరొక చోటికి, మధ్యలో గోడ ఉన్నా, ఇనుప కమ్మీ ఉన్నా, గుంట ఉన్నా, ఏ పరికరమూ వాడకుండా, వేగం చెడకుండా వెళ్ళడమే పార్కూర్. పుట్టినిల్లు ఫ్రాన్సు. జార్జి హెబర్ అనే నౌకాదళ అధికారి 1902లో మార్టినిక్ దీవిలో మౌంట్ పెలే అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రజలను కాపాడే పనిలో పాల్గొన్నారు. పరుగు, దూకడం, ఎక్కడం, మోయడం, ఈదడం వంటి పనులనే వ్యాయామంగా నేర్పే "సహజ పద్ధతి"ని ఆయన ఆ తరువాత రూపొందించారు. ఫ్రెంచి సైనికులు అడ్డంకుల దారిలో చేసే శిక్షణకు అది ఆధారమైంది. వియత్నాంలో పుట్టి, పారిస్ నగరంలో అగ్నిమాపక దళంలో పనిచేసిన రేమాన్ బెల్ ఇలాంటి సాధనలో ఆరితేరినవాడు. 1973లో పుట్టిన ఆయన కొడుకు డేవిడ్ బెల్, అతని మిత్రులు కలిసి పారిస్‌కు దక్షిణాన ఉన్న లిస్ అనే చిన్న ఊరిలో దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. 2017లో బ్రిటన్ దీన్ని ఒక క్రీడగా అధికారికంగా గుర్తించింది.

ఇప్పుడు మన పిల్లలు కూడా ఫోన్లలో ఈ విన్యాసాలు చూస్తున్నారు. చూసి ఊరుకుంటే నేను ఈ వ్యాసం రాయనక్కరలేదు. మా బడి ప్రహరీ గోడ ఎత్తు ఎంతో కొలిచినవాళ్ళు తక్కువ, దూకినవాళ్ళు ఎక్కువ! ఫోనులో కనిపించేది మనిషి గాలిలో ఉన్న ఒక సెకను మాత్రమే. సైన్సు మాస్టారికి ఆసక్తి కలిగించేది ఆ సెకనుకు ముందున్న రెండు సెకన్లు.

తడబాటు అడుగులు

కొత్తగా గోడ దాటబోయేవాణ్ణి పక్కన నిలబడి గమనించండి. మొదట బాగానే పరుగెత్తుతాడు. గోడకు మూడు మీటర్ల దూరంలోకి వచ్చాక అంగ సరిపోలేదని అతనికి తెలుస్తుంది. అప్పుడు టకటకమని రెండు మూడు పొట్టి అడుగులు వేస్తాడు. వేగం పడిపోతుంది. ఆ తరువాత రెండే దారులు. గోడ ముందు ఆగిపోతాడు, లేదా ఆగీ ఆగక సగం దూకు దూకుతాడు. మొదటిదానివల్ల నవ్వులపాలు. రెండవదానివల్ల ఆసుపత్రిపాలు.

దీనిలో పోయే శక్తి ఎంతో లెక్క కడదాం. 50 కిలోగ్రాముల ద్రవ్యరాశి ఉన్న విద్యార్థి సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తున్నాడనుకోండి. గతిజశక్తి అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించగా వచ్చేది. 25ను 25తో గుణిస్తే 625 జౌళ్ళు. ఇదంతా స్థితిజశక్తిగా మారితే అతని శరీరం 1.28 మీటర్లు లేస్తుంది. నిజంగా అంతా మారదు, కొంత భాగమే మారుతుంది. అయినా పోల్చడానికి ఈ అంకె పనికివస్తుంది. ఇప్పుడు ఆ పొట్టి అడుగులవల్ల వేగం సెకనుకు 3 మీటర్లకు పడిపోయిందనుకోండి. శక్తి 225 జౌళ్ళు, ఎత్తు 46 సెంటీమీటర్లు. వేగం అయిదింట రెండు వంతులు తగ్గితే శక్తి మూడింట రెండు వంతులు తగ్గిపోయింది! వేగాన్ని వర్గం చేయాలన్న చిన్న నియమం ఎంత పని చేసిందో చూడండి.

నాకు తెలిసిన తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఇలాగే చేశాడు. గోడ పెద్ద ఎత్తేమీ కాదు, అతని ఛాతీ వరకు వస్తుంది. అదివరకు రెండుసార్లు దాటాడు కూడా. మూడవసారి పరుగు మొదలుపెట్టిన చోటు ఒక అర మీటరు మారింది. గోడ దగ్గర అడుగు తడబడింది. చేతులు గోడ మీద పడ్డాయి కాని నడుము పైకి రాలేదు. మణికట్టు విరిగి, వార్షిక పరీక్షలు ఎడమచేత్తో రాయవలసివచ్చింది. అందరూ "భయపడి ఉంటాడు" అన్నారు. అతను కూడా అదే నమ్మాడు. అర మీటరు తేడా సంగతి ఎవరికీ తట్టలేదు. ధైర్యం లేదని తనను తాను నిందించుకునే పిల్లల్లో చాలామందికి నిజంగా లోపించేది అడుగుల లెక్క అని నా అభిప్రాయం. భయం చాలాసార్లు ఆ లెక్క తప్పిందని కాళ్ళు పంపే కబురు.

తప్పు ఎక్కడ మొదలవుతుంది?

మీ అంగ పొడవు 1.5 మీటర్లు అనుకుందాం. ఎనిమిది అంగలకు 12 మీటర్లు. ఈ రోజు నేల కొంచెం మెత్తగా ఉండో, మీరు అలసి ఉండో ఒక్కొక్క అంగ 4 సెంటీమీటర్లు తగ్గిందనుకోండి. 4 సెంటీమీటర్ల తేడా ఎవరికీ తెలియదు. కాని ఎనిమిదవ అంగ ముగిసేసరికి ఆ తేడాలన్నీ కూడి 32 సెంటీమీటర్లు అవుతాయి. అంటే మీ పాదం పొడవు కంటే ఎక్కువ. చిల్లర అప్పులు కూడి పెద్ద అప్పైనట్లే ఇదీ.

అలాంటప్పుడు దూరం దూకే క్రీడాకారులు 40 మీటర్ల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, కేవలం 20 సెంటీమీటర్ల వెడల్పున్న పలక మీద పాదం ఎలా మోపుతున్నారు? చాలాకాలం శిక్షకులు చెప్పిన సమాధానం ఒకటే: "ప్రతిసారీ ఒకే రకంగా పరుగెత్తడం అలవాటు చేసుకుంటారు." 1982లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ లీ, ఆయన సహచరులు ఈ మాటను పరీక్షించి చూశారు. దూరం దూకే క్రీడాకారుల పరుగును చలనచిత్రంగా తీసి, ఏ అడుగు ఎక్కడ పడిందో కొలిచారు. ఒకే క్రీడాకారిణి ఒక్కొక్క ప్రయత్నంలో వేసిన అడుగులను పోల్చి చూస్తే, పరుగు సాగేకొద్దీ తేడాలు పెరుగుతూనే వచ్చాయి. మనం పైన చూసిన చిల్లర అప్పులు అన్నమాట. అయితే పలకకు ఇంకా కొద్ది అడుగులు ఉందనగా ఒక విచిత్రం కనిపించింది. అక్కడి నుంచి తేడాలు వేగంగా తగ్గిపోయాయి! అంటే పరుగులో మొదటి భాగం అలవాటు మీద సాగుతుంది. చివరి భాగంలో మాత్రం కన్ను పగ్గాలు చేతిలోకి తీసుకుంటుంది. తరువాత ఇతరులు చేసిన పరిశీలనల్లో కూడా ఈ సవరణ సుమారు చివరి నాలుగైదు అంగలలో జరుగుతుందని తేలింది.

మన తడబాటు కుర్రవాడికీ, ఆ క్రీడాకారిణికీ ఉన్న భేదం ఇక్కడే ఉంది. అప్పు ఇద్దరికీ ఉంది. ఆమె 32 సెంటీమీటర్లను నాలుగు అంగలలో, అంగకు 8 సెంటీమీటర్ల చొప్పున తీరుస్తుంది. చూసేవారికి ఆ తేడా కనిపించనే కనిపించదు. ఇతను మొత్తాన్ని చివరి అడుగులో ఒక్కసారిగా తీర్చబోతాడు.

అంగ పొడవును ఎలా మార్చుకుంటారు? కాలు బాగా ముందుకు చాచడంవల్ల అని చాలామంది అనుకుంటారు. అలా చాస్తే పాదం శరీరపు గరిమనాభికి చాలా ముందు పడుతుంది. అప్పుడు నేల ఇచ్చే ప్రతిచర్య వెనక్కి తోస్తుంది. అంటే అది బ్రేకు. అనుభవం ఉన్నవారు చేసే పని వేరు. నేలను కొంచెం గట్టిగా కిందికి తొక్కుతారు. శరీరం కొంచెం ఎక్కువసేపు గాలిలో ఉంటుంది. ఆ కాలంలో ఎంత ముందుకు సాగితే అంత అంగ పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్నవాడు సెకనులో వందోవంతు ఎక్కువసేపు గాలిలో ఉంటే అంగ 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. తగ్గించాలంటే అంత మెల్లగా తొక్కాలి.

కన్ను చేసే గణితం

పరుగెత్తేవాడికి గోడ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో తెలియదు. తన వేగం ఎంతో తెలియదు. మరి గోడను చేరడానికి ఎంత కాలం పడుతుందో ఎలా తెలుస్తుంది? కాలం కావాలంటే దూరాన్ని వేగంతో భాగించాలని మీ పుస్తకంలో ఉంది. రెండూ తెలియనప్పుడు దేన్ని దేనితో భాగించాలి?

ఇదే డేవిడ్ లీ 1976లో కారు డ్రైవర్లు బ్రేకు ఎప్పుడు వేస్తారనే విషయం ఆలోచిస్తూ ఒక చక్కని మార్గం చూపించారు. గోడ 10 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మీ కంటిలో దాని ప్రతిబింబం ఒక పరిమాణంలో ఉంటుంది. 5 మీటర్ల దూరానికి వచ్చేసరికి ఆ ప్రతిబింబం ఇంచుమించు రెట్టింపవుతుంది. రెట్టింపు కావడానికి ఒక సెకను పట్టిందనుకోండి. ఒక సెకనులో సగం దూరం పోయింది కాబట్టి మిగిలిన సగానికి ఇంకొక సెకను చాలు. గోడ ఎంత పెద్దదో, ఎంత దూరమో, మీ వేగమెంతో ఏదీ తెలియనక్కరలేదు. ప్రతిబింబం ఎంత త్వరగా పెరుగుతోందో తెలిస్తే చాలు. మన మెదడు వాడుకునే ఆధారాలలో ఇది ఒకటి. త్రికోణమితి అంటే పారిపోయే విద్యార్థి కూడా పరుగులో ఈ లెక్కను ప్రతి అడుగుకూ చేస్తూనే ఉంటాడు.

దీనినుంచి సాధనకు పనికివచ్చే మాట ఒకటి వస్తుంది. పరుగులో తల వంచి తన పాదాలను చూసుకునేవాడు ఈ ఆధారాన్ని తానే పోగొట్టుకుంటున్నాడు. చూపు అడ్డంకి మీద ఉండాలి. లేచే చోటును దూరం నుంచే ఒకసారి గుర్తుపెట్టుకుని, ఆ తరువాత చేతులు ఆనవలసిన అంచు మీదికి చూపు మార్చుకోవాలి.

చివరి రెండు అడుగులు

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన భాగానికి వచ్చాం. ముందుకు పోయే వేగంలో కొంత పైకి పోయే వేగంగా మారాలి. ఇది దూకేటప్పుడు జరిగే పని అనుకుంటాం కాని, అసలు ఏర్పాటు అంతకు ముందు అడుగులోనే మొదలవుతుంది.

పరుగు అంటే చిన్న చిన్న గెంతుల వరుస. ప్రతి అంగలోనూ శరీరం కాసేపు గాలిలో ఉండి కిందికి పడుతుంది. 0.16 సెకను గాలిలో ఉంటే, అందులో సగం కాలం లేవడానికి, సగం పడడానికి. 0.08 సెకనులో గురుత్వం కల్పించే వేగం సెకనుకు సుమారు 0.8 మీటరు. అంటే చివరి అడుగు నేలను తాకేసరికి మీరు ఆ వేగంతో కిందికి పడుతూ ఉంటారు. పైకి లేవాలంటే ముందు ఈ పడడాన్ని ఆపాలి, ఆ తరువాతే లేవాలి. కాలికి రెండు పనులు! చివరి అడుగును పొట్టిగా, త్వరగా వేస్తే గాలిలో ఉండే కాలం తగ్గుతుంది, పడే వేగం కూడా తగ్గుతుంది. కాబట్టి నేర్పరులు చివరికి ముందు అడుగును కొంచెం పొడవుగా వేసి, మోకాలు వంచి, గరిమనాభిని కాస్త కిందికి దించుకుంటారు. వెంటనే చివరి అడుగును పొట్టిగా, చురుగ్గా వేస్తారు. "తా... తక్" అన్నట్లు వినిపిస్తుంది. మృదంగం విన్నవారికి చెప్పనక్కరలేదు.

ఈ చివరి పొట్టి అడుగుకూ, ముందు మనం తిట్టిన తడబాటు అడుగులకూ తేడా గమనించారా? తడబాటు అడుగులు వేగాన్ని తినేస్తాయి, అవి దూరం తప్పినందువల్ల వచ్చినవి. ఇది ఒక్కటే అడుగు, కావాలని వేసింది, వేగం తగ్గించకుండా వేసింది.

ఆ అడుగులో నేల మీద పాదం ఉండే కాలం చాలా తక్కువ. మేటి దూరం దూకేవారికి సుమారు 0.12 సెకను. మన విద్యార్థికి 0.15 సెకను ఇద్దాం. ఇంత కాలంలో 50 కిలోగ్రాముల శరీరానికి సెకనుకు 2.5 మీటర్ల ఊర్ధ్వ వేగం కావాలంటే, 125ను 0.15తో భాగిస్తే సుమారు 830 న్యూటన్లు. అతని బరువు 490 న్యూటన్లు ఎలాగూ మోయాలి. మొత్తం 1,320 న్యూటన్లు, అంటే బరువుకు రెండున్నర రెట్లకు పైనే, ఒక్క కాలి మీద! పడే వేగం 0.8 మీటరు కూడా ఉంటే ఇంకా 270 న్యూటన్లు కలపాలి. చివరి అడుగు పొట్టిగా ఎందుకు ఉండాలో ఇప్పుడు అంకెలే చెబుతున్నాయి.

మరి ఎంత దూరం నుంచి లేవాలి? కొత్తవారందరూ గోడకు మరీ దగ్గరగా వచ్చి లేస్తారు. దగ్గరైతే భద్రం అనిపిస్తుంది. నడుము ఎత్తు కమ్మీని చేయి ఆనించి దాటాలనుకోండి. సెకనుకు 2 మీటర్ల వేగంతో పైకి లేస్తే శిఖరం చేరడానికి ఇంచుమించు 0.2 సెకను పడుతుంది. ఆ కాలంలో, సెకనుకు 4 మీటర్ల వేగంతో ముందుకు పోయేవాడు 80 సెంటీమీటర్లు సాగిపోతాడు. 40 సెంటీమీటర్ల దూరం నుంచి లేస్తే శిఖరం చేరడానికి పట్టే కాలంలో సగానికే మోకాలు కమ్మీని తాకుతుంది. వేగం పెరిగితే లేచే చోటు కూడా వెనక్కి జరగాలి. "నిన్న ఇక్కడి నుంచే దూకాను కదా!" అనే మాటకు అర్థం లేదు. నిన్నటి వేగం ఈరోజు ఉండకపోవచ్చు.

గోడ మీద అడుగు

ఎత్తయిన గోడ సంగతి వేరు. దాన్ని దాటడానికి పార్కూర్ చేసేవారు గోడ మీద ఒక అడుగు మోపి పైకి లేచి అంచు పట్టుకుంటారు. నిలువు గోడ మీద పాదం ఎందుకు జారదు? ఘర్షణవల్ల. ఘర్షణ దేనిమీద ఆధారపడుతుంది? అభిలంబ బలం మీద. ఆ బలం ఎక్కడిది? పరుగుది!

అంకెలు నేను సులభంగా ఉండేటట్లు తీసుకుంటాను. అదే 50 కిలోగ్రాముల విద్యార్థి, సెకనుకు 4 మీటర్ల వేగం. ద్రవ్యవేగం 200. పాదం గోడ మీద 0.25 సెకను ఉండి ఈ ద్రవ్యవేగం సున్న అయిందనుకుంటే సగటు అభిలంబ బలం 800 న్యూటన్లు. బూటుకూ గోడకూ ఘర్షణ గుణకం 0.8 అయితే, గోడ అతన్ని పైకి తోయగల గరిష్ఠ బలం 640 న్యూటన్లు. బరువు 490 కాబట్టి 150 న్యూటన్లు మిగిలాయి. పైకి లేవడానికి గోడ తోడ్పడుతుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తేనో? అభిలంబ బలం 400, ఘర్షణ 320 మాత్రమే. బరువుకు చాలదు. గోడ తోడ్పడకపోగా పాదం జారుతుంది. వానకు తడిసి పాచి పట్టిన గోడకు ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, మొదటి వేగంతో వచ్చినా 240 న్యూటన్లే. కాబట్టి తడి గోడ జోలికి ఎంతటివాడూ పోకూడదు.

పాదం సుమారు తుంటి ఎత్తులో, మునికాలితో మోపాలి. మరీ ఎత్తులో మోపితే గోడ ఇచ్చే తోపు మనిషిని వెల్లకిలా పడేస్తుంది. నేల మీది చివరి అడుగు గోడకు మరీ దగ్గరైతే మోకాలు పైకి రావడానికి చోటు ఉండదు. మరీ దూరమైతే పాదం గోడను చేరేసరికి శరీరం కిందికి దిగడం మొదలుపెడుతుంది. సుమారుగా మీ కాలి పొడవంత దూరం నుంచి ప్రయత్నించి, అక్కడి నుంచి అటూ ఇటూ సవరించుకోవాలి.

కొలిచిన దారి, కొలవని దారి

హర్డిల్స్ పందెంలో ఈ అడుగుల లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 400 మీటర్ల హర్డిల్స్‌లో ఒక్కొక్క హర్డిల్ మధ్య దూరం 35 మీటర్లు. ఎడ్విన్ మోజెస్ అనే అమెరికా క్రీడాకారుడు, భౌతికశాస్త్రం చదివినవాడు, ఆ దూరాన్ని మొదటినుంచి చివరిదాకా 13 అంగలలోనే దాటేవాడు. 1976, 1984 ఒలింపిక్స్‌లో స్వర్ణ పతకాలు గెలిచాడు. 1977 నుంచి 1987 వరకు వరుసగా 122 పందాలలో ఓటమి ఎరుగడు. 13 బేసి సంఖ్య అన్నది గమనించండి. హర్డిల్ దాటి దిగిన కాలు కుడిది అయితే బేసి సంఖ్యలో అంగలు వేశాక లేచే కాలు ఎడమది అవుతుంది. కాబట్టి ప్రతిసారీ కుడికాలే ముందుగా హర్డిల్ మీదికి పోతుంది. 14 అంగలు వేసేవాడు ఒకసారి కుడి, ఒకసారి ఎడమ మార్చుకోవాలి. రెండు కాళ్ళతోనూ సమానంగా సాధన చేయనివాడికి అది చిక్కు.

విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి పరుగెత్తే 100 మీటర్ల హర్డిల్స్‌లో మధ్య దూరం 8.5 మీటర్లు, హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మధ్యలో మూడే అంగలు. ఆమె 2023లో బాంకాక్‌లోనూ, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలోనూ ఆసియా స్వర్ణం గెలిచింది. పది హర్డిల్స్‌లో ఏ ఒక్కదాని ముందు తడబాటు అడుగు వేసినా పందెం పోయినట్లే. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించి, సెకనులో వందో వంతు తేడాతో కాంస్య పతకం పోగొట్టుకుంది. ఆమె సగటు వేగంతో ఆ తేడాను దూరంగా మార్చండి. ఏడు సెంటీమీటర్లు!

పార్కూర్‌లో ఎవరూ టేపు పట్టి గోడలు కట్టరు. ఒక గోడకూ ఇంకొక గోడకూ దూరం ఎంతైనా కావచ్చు. కాబట్టి హర్డిల్స్ వీరుడిలా ఒకే లెక్క కంఠస్థం చేస్తే చాలదు. ఏ కాలు వస్తే ఆ కాలితో లేవగలగాలి. అదే ఇందులోని కష్టం, అందం కూడా.

మైదానంలో చేయండి

గోడ అక్కరలేదు. గాజు పెంకులు గుచ్చిన ప్రహరీలు, డాబా పిట్టగోడలు అసలే వద్దు. మీ వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి పిలిచి, పచ్చిక లేదా ఇసుక నేల చూసుకోండి. రెండు ఇటుకల మీద ఒక తేలికపాటి వెదురు కర్రను, తగిలితే పడిపోయేటట్లు ఆనించి పెట్టండి. ఎత్తు 30 సెంటీమీటర్లు చాలు.

ముందుగా మొదలుపెట్టే చోటు కనుక్కోవాలి. దీనికి క్రీడాకారులు వాడే చక్కని ఉపాయం ఉంది. మీరు లేచే చోట నిలబడి, కర్రకు వీపు పెట్టి, వెనుదిరిగిన దిక్కులో పరుగెత్తండి. ఎనిమిదవ అడుగు ఎక్కడ పడిందో మిత్రుడు ముగ్గుపిండితో గీత గీస్తాడు. అలా అయిదుసార్లు చేసి, గీతల మధ్యస్థానం తీసుకోండి. అదే మీ ప్రారంభ రేఖ. అక్కడి నుంచి ఎనిమిది అడుగులు వేసి కర్ర దాటండి. నేల తడిపి ఉంచితే అడుగుజాడలు నిలుస్తాయి. టేపుతో ప్రతి అడుగునూ కొలిచి పుస్తకంలో రాయండి. పదిసార్లు చేసినప్పుడు మూడవ అడుగులో తేడా ఎంత, అయిదవదానిలో ఎంత, ఎనిమిదవదానిలో ఎంత? డేవిడ్ లీ చూసిన విచిత్రం మీకూ కనిపిస్తుందేమో చూడండి.

ఆ తరువాత మిత్రుణ్ణి మీకు చెప్పకుండా ప్రారంభ రేఖను ముందుకో వెనక్కో 30 సెంటీమీటర్లు జరపమనండి. తడబడకుండా దాటగలిగారా? అడుగుజాడలలో ఆ 30 సెంటీమీటర్లు ఏ అంగలలో సర్దుబాటు అయ్యాయి? అసలు సాధన ఇదే. ఇందులో కుదిరాక రెండవ కాలితో మొదటినుంచీ మళ్ళీ చేయండి. విసుగ్గా ఉంటుంది, అయినా చేయండి.

చివరగా ఒక రేఖ గీయాలి. దాన్ని నిర్ణయ రేఖ అందాం. పరుగులో "వద్దు, ఆగుదాం" అనిపిస్తే ఆగడం తప్పు కాదు. కాని ఎక్కడి దాకా ఆగవచ్చు? సెకనుకు 5 మీటర్ల వేగంలో, ఆగాలనుకున్న తరువాత కాళ్ళు స్పందించడానికి 0.2 సెకను పడితే ఆ లోపు 1 మీటరు పోతుంది. సెకనుకు సెకనుకు 5 మీటర్ల ఋణత్వరణంతో ఆగితే మరో 2.5 మీటర్లు. మొత్తం 3.5 మీటర్లు. అంటే గోడకు రెండు అంగల దూరంలో మనసు మార్చుకునేవాడికి ఆగడానికి చోటు లేదు. పైన చెప్పిన తొమ్మిదో తరగతి విద్యార్థి చేతులు సగం ఆగుదామనీ, సగం దూకుదామనీ గోడ మీద పడ్డది ఆ చోటులోనే. నాలుగు అంగల దగ్గర, అంటే 6 మీటర్ల దగ్గర గీత గీయండి. అడుగులు కుదిరాయా లేదా అన్నది ఆ గీత మీద తేల్చుకోవాలి. కుదరకపోతే అక్కడే పక్కకు తప్పుకుని, మళ్ళీ ప్రారంభ రేఖకు నడిచి రావాలి. దానికి ఎవరైనా నవ్వితే 3.5 మీటర్ల లెక్క వాళ్ళకు చూపించండి.

ఇక మీకు ఒక లెక్క. ఒక అమ్మాయి సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. స్పందించే కాలం, ఋణత్వరణం పైవే అయితే ఆమె ఆగడానికి ఎంత దూరం కావాలి? నేల తడిసి ఋణత్వరణం సగానికి తగ్గితే ఎంత కావాలి? మొదటిదానికి 4.8 మీటర్లు వస్తే మీ లెక్క సరైనదే. రెండవది కట్టాక, ఆమె అంగ 1.6 మీటర్లనుకుని, తడి నేల మీద నిర్ణయ రేఖను గోడకు ఎన్ని అంగల ముందు గీయాలో చెప్పండి.